మన చుట్టుపట్ల వింత గాథలు – మన ప్రాంగణములోని ఆవులయ్య రాయి



పరమేశ్వరుని అనుగ్రహమువలనను, దాతలైన మీ అందరి ఔదార్యమువలనను మన ఆలయ జీర్ణోద్ధరణ పూర్తియై, మహాకుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభసమయమున, చరిత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంచిక పెద్దలు నన్ను కోరినారు. స్వామివారి మహిమను, నిత్యకైంకర్యముల విశేషములను గూర్చి ఇతరులు వ్రాయుచున్నారు. నేను వ్రాయదలచినది వేరు. మీలో చాలమంది కాశీకి, రామేశ్వరమునకు, బదరీ కేదారములకు వెళ్ళివచ్చినవారే. అక్కడి స్థలపురాణములను వచ్చి నాకు వినిపించినవారే. అయితే ఇక్కడినుండి గంట, గంటన్నర ప్రయాణములో ఉన్న క్షేత్రముల కథలు మనలో ఎందరికి తెలుసును? మిమ్ములను తప్పుపట్టుటకు ఈ ప్రశ్న అడుగుట లేదు. నలభై యేండ్లకు దగ్గరగా ఈ నరసరావుపేట ప్రాంతమున అర్చకత్వము చేయుచున్న నాకే చాలకాలము తెలియవు. తెలియకపోవుటయే గాక, తెలుసుకొనదగినవి కావనే తలంపు కూడ నాలో ఉండెడిది.

ఆ తలంపువలన నేను చేసిన ఒక తప్పును ముందుగా విన్నవించుకొని, తరువాత క్షేత్రముల మాటకు వచ్చెదను.

మన ఆలయ మహాద్వారమునకు ఈశాన్య మూలగా మునుపు ఒక రాయి ఉండెడిది. మోకాటి ఎత్తు. దానిపై కత్తి ఎత్తిన మనిషి ఒకడు, అతని పాదములకడ రెండు ఆవులు. ఊరివారు దానిని 'ఆవులయ్య' అనెడివారు. గొడ్డు తప్పిపోయినవారు సాయంవేళ వచ్చి, ఆ గొడ్డు పలుపుతాడును రాతికి కట్టి, వెనుదిరిగి చూడక ఇంటికి పోవలెనట. తెల్లవారులోగా గొడ్డు తనంత తానే దొడ్డికి వచ్చునట. అమావాస్య రాత్రులలో ఆ రాతి దగ్గర మంద మెడగంటలు వినబడునని కూడ చెప్పుకొనెడివారు. 1988లో ధ్వజస్తంభ పునఃప్రతిష్ఠ జరిగినప్పుడు నేను చిన్నవాడను. వేదపాఠశాలనుండి వచ్చి మూడేండ్లు కూడ కాలేదు. సున్నము పూతలతో రూపు చెడి, పలుపుతాళ్ళు వ్రేలాడుచున్న ఆ రాయి ప్రాకారములో ఉండతగదని నేనే పట్టుబట్టినాను. ఏ ఆగమములోను చెప్పని మూర్తి, ఏ పురాణములోను లేని కథ అని వాదించినాను. పెద్దలు నా మాట మన్నించి దానిని చెరువుకట్ట మీదికి చేర్పించినారు.

ఆ మరునాడు గొల్లపేటనుండి ఒక ముసలమ్మ వచ్చి ద్వారము బయటనే నిలబడి, "అయ్యగారూ, ఆవులయ్యను కట్టమీదికి పంపారంటగా. ఇక గుడికి కాపలా ఎవరయ్యా?" అని అడిగినది. "గుడికి దేవుడే కాపలా, అవ్వా" అన్నాను. ఆమె మారు పలుకలేదు. నా సమాధానము శాస్త్రసమ్మతమే. అయినను ఆమె ముఖము నేటికిని నాకు జ్ఞాపకమున్నది.

నా తలంపు మారుటకు మొదటి కారణము చేజెర్ల. నెకరికల్లు మండలములోనున్న ఈ గ్రామమున కపోతేశ్వరస్వామి వెలసియున్నాడు. శిబి చక్రవర్తి కథ మీకు తెలిసినదే. డేగరూపమున ఇంద్రుడు, పావురము రూపమున అగ్ని వచ్చి చక్రవర్తిని పరీక్షింపగా, శరణు జొచ్చిన పావురమునకు బదులుగా తన మాంసమును కోసి తక్కెడలో వేసిన కథ అది. మహాభారతము అరణ్యపర్వములో ఉన్నది. ఆ కథ జరిగినది చేజెర్లలోనేనని స్థలపురాణము. శిబి తమ్ములు దక్షిణదేశ యాత్రకు వచ్చి ఇక్కడి కొండపై తపమున దేహములు చాలింపగా, వారిని వెదకుచు శిబి తానే వచ్చి ఇక్కడ యజ్ఞములు చేసెననియు, అప్పుడే దేవతలు పరీక్షించిరనియు, తుదకు తల లేని, చేతులు లేని ఆ చక్రవర్తి మొండెమే లింగముగా మారెననియు చెప్పుదురు. లింగముపైనున్న రంధ్రములు శిబి తన శరీరమును కోసికొన్న గాయములట. ఒకదానిలో కొద్దిపాటి నీరు మాత్రమే పట్టునని, మరియొక దానిలో ఎంత పోసినను ఎక్కడికి పోవునో తెలియదని అక్కడివారు చెప్పుచుందురు.

నేను మొదట వెళ్ళినది ఒక బంధువు మ్రొక్కు తీర్చుటకు. కథ విని, చక్రవర్తి మొండెమునకు అభిషేకమేమిటని మనసులో కొంత సంకోచపడినాను కూడ. తరువాత గర్భాలయము వెనుకకు ప్రదక్షిణముగా పోయి నిలబడినప్పుడు ఆశ్చర్యము కలిగినది. ఆ గర్భాలయము మన ఆలయములవలె చతురస్రము కాదు. వెనుకభాగము కూర్చున్న ఏనుగు వీపువలె గుండ్రముగా తిరిగి ఉన్నది. పైకప్పు బండి గూడువలె వంపు తిరిగినది. అంతయు ఇటుక కట్టడము. ముప్పై అడుగుల పొడవైనను ఉండదు. దీనిని కేంద్ర పురావస్తు శాఖవారు రక్షిత కట్టడముగా చూచుకొనుచున్నారు. ఇది పూర్వము బౌద్ధుల చైత్యగృహమనియు, తరువాతి కాలమున శివాలయమైనదనియు పండితులలో ఎక్కువమంది అభిప్రాయము. ఇట్టి ఇటుక కట్టడము పైకప్పుతో సహా నిలిచియుండుట బహు అరుదు. మహారాష్ట్రములోని తేర్ గ్రామమున త్రివిక్రమాలయము ఇట్టిదే.

ఇక్కడ అర్చకుడనైన నేను ఒక మాట చెప్పవలెను. గుండ్రని వెనుకభాగము కనబడగానే అది బౌద్ధులదే అని తీర్మానించుట కూడ తొందరపాటే. గజపృష్ఠ విమానము మన ఆగమములలో చెప్పబడియే ఉన్నది. అతి ప్రాచీనమైన గుడిమల్లము పరశురామేశ్వరాలయము గర్భగృహము గజపృష్ఠమే. నాగార్జునకొండ త్రవ్వకములలో బయల్పడిన శైవాలయములలోను ఈ ఆకారము ఉన్నది. కావున చేజెర్ల మొదటినుండి శివాలయమేమో అనువారును కలరు. నాకు మాత్రము ఈ తగవుకంటె కథయే ముఖ్యముగా తోచినది. ఎందుచేతననగా, పావురమునకై మాంసము కోసి ఇచ్చిన ఈ శిబి కథను బౌద్ధులును తమ బోధిసత్త్వుని పూర్వజన్మ కథగా చెప్పుకొన్నారు. తక్కెడతో సహా నాగార్జునకొండ శిల్పులు దానిని చెక్కియున్నారు. కృష్ణాతీరమున వారు చెక్కిన రాజు, చేజెర్లలో మనము అభిషేకించు రాజు ఒక్కడే. ఆ గుడిలో ఏ మతమువారు ముందు, ఏ మతమువారు వెనుక అన్నది ఎట్లున్నను, అక్కడ నిలబడి ఆ కథ విన్నవాడు రెండు కాలములలోను దానిని విని కన్నీరు పెట్టుకొనియే ఉండును.

నాగార్జునకొండ మాట వచ్చినది గనుక ఒక విశేషము. మూడవ శతాబ్దములో అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజులలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు, కుమారస్వామి భక్తుడు. ఆయన తోబుట్టువు చాంతసిరి బుద్ధుని మహాచైత్యమునకు మహాదాత. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యములో. ఒక ఇంటి గడపలో రెండు దీపములు. వారి రాజధాని విజయపురి ఇప్పుడు సాగరు జలాశయము క్రింద ఉన్నది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన తరువాత, నీరు నిండులోపల త్రవ్వి తీసినవానిలో కొన్నింటిని కొండమీదికి, కొన్నింటిని అనుపునకు చేర్చి తిరిగి నిలిపినారు. ఎంత పెద్ద జీర్ణోద్ధరణయో ఊహించుడు!

చేజెర్లలోనే మరియొక సంగతి కలదు. అక్కడి సంస్కృత శాసనములో ఆనందగోత్రజుడైన కందరరాజు ప్రశంస ఉన్నది. కృష్ణవేణ్ణా నదికి, త్రికూట పర్వతమునకు అధిపతి అని అతనిని కొనియాడినారు. ఈ వంశమువారు కూడ వింతవారే. అత్తివర్మ శంభుభక్తుడు. దామోదరవర్మ తన మట్టెపాడు తామ్రశాసనములో తాను సమ్యక్సంబుద్ధుని పాదములను ధ్యానించువాడనని చెప్పుకొని, అదే శాసనముతో బ్రాహ్మణులకు గ్రామదానము చేసినాడు. ఇక ఆ త్రికూట పర్వతము మన కోటప్పకొండయేనని చరిత్రకారులలో కొందరి మతము. శివరాత్రికి ప్రభ వెంట నడచిపోవు మన కుర్రవారికి, తాము ఎక్కుచున్న కొండ పేరు పదునైదు వందల యేండ్లనాటి రాజు బిరుదులలో ఉన్నదేమో అని ఎవరైన చెప్పినారా?

కోటప్పకొండ కథ ఈ ప్రాంతమున తెలియనివారు ఉండరు. అయినను దూరదేశములలో పుట్టి పెరిగిన మన పిల్లల కొరకు వ్రాయుచున్నాను. మూడు శిఖరములు, బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములు. రుద్ర శిఖరముపై నున్న పాత కోటేశ్వరుని ఆనందవల్లి అను గొల్లపిల్ల ప్రతిదినము కొండ ఎక్కి సేవించెడిది. ఒకనాడు ఆమె అభిషేకమునకు మోసుకొనివచ్చిన కడవపై కాకి వాలి దొర్లించినది. ఈ కొండకు కాకులు రాకుండుగాక అని ఆమె శపించినది. తరువాత ఆమె గర్భవతియై ఎక్కలేక, స్వామినే తన వెంట క్రిందికి రమ్మని వేడుకొన్నది. వచ్చెదను, వెనుదిరిగి చూడవలదు అని స్వామి ఆన పెట్టినాడు. కొండ కంపించు ధ్వనికి భయపడి బ్రహ్మ శిఖరముకడ ఆమె వెనుకకు చూచినది. స్వామి అక్కడనే నిలిచిపోయినాడు. నేడు మనము దర్శించు త్రికోటేశ్వరుడు ఆ నిలిచిపోయిన స్వామియే. గొల్లభామకు కూడ కొండపై గుడి ఉన్నది, పూజ ఉన్నది.

కాకులు నిజముగా రావా అని అడుగువారికి నా సమాధానము ఇది. నేను వెళ్ళిన ప్రతిసారి కోతులు నా చేతిలోని ప్రసాదమును లాగుకొన్నవి గాని, కాకిని మాత్రము చూడలేదు. రాయలసీమలోని యాగంటి కూడ కాకులు రాని క్షేత్రముగా ప్రసిద్ధము. అయితే అక్కడ కాకిని శపించినవాడు అగస్త్య మహర్షి. ఇక్కడ శపించినది చదువు సంధ్యలు లేని గొల్లపిల్ల. మహర్షి మాటకు ఎంత బలమున్నదో ఆమె మాటకును అంతే బలమున్నదని ఈ కొండ చెప్పుచున్నది. వేదము చదువుకొన్న నాకు ఈ ఒక్క సంగతి బోధపడుటకు ఎన్నిమార్లు కొండ ఎక్కవలసివచ్చినదో చెప్పిన మీరు నవ్వెదరు.

మంగళగిరిలో పానకాలస్వామి గుటకల చప్పుడుతో పానకము త్రాగి సగము ప్రసాదముగా విడుచుట, బెల్లము నీరు అంత ఒలికినను అక్కడ చీమ కనబడకపోవుట మీరందరు ఎరిగినదే. దానిని గూర్చి విస్తరించను.

కారంపూడి మాట మాత్రము చెప్పక తప్పదు. నేను శైవార్చకుడను. వీరుల గుడిలోనికి అడుగుపెట్టుటకే చాల యేండ్లు వెనుకాడినాను. అక్కడ పూజలందుకొనునవి పన్నెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధములో పడిన వీరులు, వారి ఆయుధములు. అరువది ఆరుగురు వీరులని లెక్క. కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు దినములు ఉత్సవము. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినముల పేర్లు. యుద్ధకథ అంతయు ఆ పేర్లలోనే ఉన్నది. ఊరూరినుండి ఆచారవంతులు తమ ఇండ్లలో తరతరములుగా పూజించుకొను కొణతములను, అనగా వీరుల ఆయుధములను, తీసికొని వత్తురు. నాగులేటిలో వానికి స్నానము చేయింతురు. మందపోరు నాడు చాపకూడు. కులభేదము లేక అందరు ఒక్క చాపపై కూర్చుండి తిను భోజనమది. బ్రహ్మనాయుడు ఏర్పరచిన ఆచారమని ప్రతీతి. మాల కన్నమదాసును కొడుకుగా భావించి సేనను అప్పగించినవాడు ఆయన.

ఒక సంవత్సరము మందపోరు నాడు అక్కడ నిలబడి చూచుచుండగా నాకు మన ఆవులయ్య జ్ఞాపకము వచ్చినాడు. మందపోరు అనగా మందకొరకు జరిగిన పోరు. ఆవులమందను తరలించుకొని పోవు శత్రువును ఎదిరించి పడినవానికి ఊరివారు రాయి నాటి దణ్ణము పెట్టుట ఈ తెలుగుదేశమున ఎంతో పాత ఆచారము. చరిత్రకారులు వీనిని వీరగల్లులు అందురు. ఎన్నో ఊళ్ళలో కత్తి పట్టిన మనిషి, కాళ్ళకడ ఆవులు ఉన్న రాళ్ళు ఉన్నవి. నేను అశాస్త్రీయమని చెరువుకట్టకు పంపినది అట్టి ఒక మనిషిని. ఆ ముసలమ్మ 'కాపలా' అన్న మాట భక్తితో అన్నది మాత్రమే కాదు. ఊరి మందను కాచి చనిపోయినవానిని ఊరు ఆ మాటతోనే గుర్తుంచుకొన్నది. పేరు మరచినది, యుద్ధము మరచినది, శత్రువును మరచినది. చేసిన పనిని మాత్రము మరువలేదు.

తిరిగివచ్చిన మరునాడే చెరువుకట్టకు పోయినాను. రాయి లేదు. కట్టను వెడల్పు చేసినప్పుడు మట్టిలో కలిసినదని ఒకరు, ఎవరో ఇంటి పునాదికి వాడుకొన్నారని ఒకరు చెప్పినారు. ఆ ముసలమ్మ అప్పటికే స్వర్గస్థురాలైనది. ఎన్నో యేండ్లు ఆ దారిన పోయినప్పుడెల్ల తల వంచుకొని నడచినాను.

ఈ జీర్ణోద్ధరణ పనులు ఆరంభమైనప్పుడు పాత రాళ్ళను ఏమి చేయవలెనను చర్చ వచ్చినది మీలో కొందరికి గుర్తుండును. పాత ద్వారబంధములను, మెట్లను తీసివేసి నునుపైన నల్లరాయి వేయింతమని కొందరు దాతలు ముందుకు వచ్చినారు. వారి భక్తిని శంకించుట లేదు. అయితే నా సంగతి సభలో దాచుకొనక చెప్పి, పనికిరాదని మనము తీసివేయు ప్రతి రాతిని ముందు కడిగి, తిరగవేసి చూడవలెనని ప్రార్థించినాను. పెద్దలు అంగీకరించినారు. నా మాట విన్నవారిలో ఆ ముసలమ్మ మనుమడు కూడ ఉన్నాడు. సభ ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, రాయి ఎక్కడుందో మా నాయన చూపించాడు నాకు. రండి" అన్నాడు. కట్ట దిగువన తూముకు పది బారల దూరమున, మట్టిలో, మొగము క్రిందికి పెట్టి ఉన్నది. బోర్లా పడియుండుటచేతనే చెక్కడము చెడలేదు.

చరిత్రోపాధ్యాయులు ఒకరు వచ్చి, సున్నపు పొరలను నీటితో మెత్తబరచి, కొబ్బరిపీచుతో రెండు దినములు ఓపికగా తీసినారు. ఇసుకతో గీకించవలదని, ఆమ్లములు పోయవలదని ఆయన మరిమరి చెప్పినారు. ఆవుల క్రింద మూడు పంక్తుల అక్షరములు బయటపడినవి. సగము అరిగిపోయినవి. గోవులను మరలించి పడినాడన్నంతవరకు చదువవచ్చుననియు, అక్షరముల తీరునుబట్టి ఐదారు వందల యేండ్ల నాటిదనియు ఆయన అభిప్రాయము. పేరు ఉండవలసిన చోట రాయి పెచ్చు ఊడినది. అది పూర్వము ఊడినదో, 1988లో గడ్డపారలతో పెకలించినప్పుడు ఊడినదో చెప్పలేమన్నారు. ఆ దినము నేను అక్కడనే నిలబడి పని చేయించినవాడను. గడ్డపార రాతికి తగిలిన చప్పుడు నాకు గుర్తున్నది.

గత శ్రావణమున ఆవులయ్యను మహాద్వారము ఈశాన్యమున మునుపటి చోటనే నిలిపినాము. ఆగమవిధి ఏదియు లేదు గనుక గొల్లపేటవారు తమ ఆచారము ప్రకారము పొంగలి పెట్టినారు. నేను బయట నిలబడి నమస్కరించినాను. ఆయనను గూర్చి మీ ఇండ్లలో పెద్దలు చెప్పిన కథ, పాట, సామెత ఏదైన ఉన్నచో దయచేసి వచ్చి నాకు చెప్పవలెను. వ్రాసి ఉంచెదను. మునుపటివలె ఏ పురాణములో ఉన్నదని అడుగను.

ఊరిలో ఇప్పుడు గొడ్లు తగ్గినవి. మొన్న కార్తీకమాసములో ఒక ఉదయము తలుపులు తీయుటకు వచ్చినప్పుడు, ఆ రాతికి పలుపుతాటికి బదులు మోటారు సైకిలు తాళపుచెవి ఒకటి ఎఱ్ఱదారముతో కట్టి ఉన్నది. మరునాటికి లేదు. బండి దొరికినదో లేదో నేను విచారింపలేదు.